దొంగ శిఖరం

మాకు జనవరి వానల నెల.
మధ్యాహ్నం దాటితే లెసోతో కొండలన్నిటికీ మబ్బు ముసుగే,
అందుకే తెల్లవారకముందే ఎక్కాను
నలభై రెండు మీటర్లు, నడుముకి రెండు కొక్కేలతో.

కింద దుకాణంలో మామొసా నిన్న అడిగింది:
"ఫోన్లో గీతలు నాలుగూ ఉన్నాయి కదే సెబుఎంగ్,
డబ్బు మాత్రం దిగదేం?
గని నుంచి పంపేశామంటారు మగవాళ్లు,
ఇక్కడ చక్రం తిరుగుతూనే ఉంటుంది,
దాంతోపాటు నా తలా."

ఎలా చెప్పను?
గీతలు ఈ స్తంభానికీ నీ చేతికీ మధ్య ముచ్చట.
ఇరుకంతా దాని వెనక.
ఆరు లోయలు, ఆరు స్తంభాలు,
ఒకదాని భుజం మీంచి ఒకటి అందించుకుంటూ
చివరికి ఊళ్లన్నీ దూరేది
ఏడు కిలోమీటర్ల పొడవున్న ఒకే ఒక్క సూది బెజ్జంలోకి.
పదేళ్ల కింద అది సింహద్వారం.
అప్పుడు ఊళ్ల దగ్గర మాటలే ఉండేవి, బొమ్మలు లేవు.

ఇవాళ ఉన్న తరంగాన్నే రెండుసార్లు వాడతాం:
ఒకటి నిలువు, ఒకటి అడ్డం,
ఒకే మగ్గం మీద పడుగూ పేకా.
పోగుకి పోగు చిక్కుపడితే
విప్పే పని లోపలి పెట్టె చూసుకుంటుంది.
వాటి పైన ఇంకోటి, కొత్తది, అన్నం పళ్లెమంత.
ఎనభై గిగాహెర్ట్జ్. పది రెట్లు మోస్తుంది,
వాన మాటెత్తితే సొమ్మసిల్లుతుంది.
పెద్దింటి పిల్ల, అంటాడు మలెఫానే.

మలెఫానే అవతలి కొండ మీద.
ఆరేళ్లుగా జోడీ మేం.
అతనంటే నాకు వాకీటాకీలో ఒక దగ్గు,
చీకట్లో ఒక తలదీపం చుక్క.

"ఎడమకి. పావు తిప్పు. ఆగు."
మీటర్ మీద అంకె లేచింది.
"దొరికింది," అన్నాను.
"దొరకలేదు. అది దొంగ శిఖరం."

ప్రతి పళ్లానికీ నేరుచూపు ఒకటే,
చుట్టూ ఓరచూపులు బోలెడు.
ఓరచూపుకే మురిసిపోయి బోల్టు బిగిస్తే
లింకు పలుకుతుంది, సగం గొంతుతో,
ఏళ్ల తరబడి, ఎవరూ తప్పు పట్టకుండా.
సెమొన్‌కాంగ్ దగ్గర నేనొకసారి అలాగే బిగించాను.
చలికి వేళ్లు కొంకర్లు పోయాయని, చీకటి పడిందని.
రెండేళ్లయింది. ఆ ఊరు ఇంకా నత్తిగానే మాట్లాడుతోంది.
ఎవరికీ చెప్పలేదు.

దొరికినదాన్ని వదులుకోవాలి.
దాటిపోవాలి.
అంకె పడుతుంది, పడుతూనే ఉంటుంది,
ఇక అక్కడ గాలి తప్ప ఏమీ లేదనిపిస్తుంది,
వెనక్కి తిప్పెయ్యమని మణికట్టు గొణుగుతుంది.
తిప్పకు.
గోరంత అవతల
అంకె కదిలింది. లేచింది.
మునుపు ఆగిన చోట ఆగలేదు.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

మూడింటికి వడగళ్లు.
దుకాణం రేకుల కింద, మొక్కజొన్న పిండి బస్తా మీద ల్యాప్‌టాప్.
పెద్దింటి పిల్ల మెట్టు మెట్టుగా దిగింది:
గడగడా అప్పజెప్పే గొంతు, తర్వాత మాటా మాటా,
తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుని,
తర్వాత ఏమీ లేదు.
పడుగూ పేకా నిలిచాయి. బరువంతా వాటిదే.
ఇరుకులో ఎవరు ముందో ఆ వరస నేనే రాశాను:
గొంతులు ముందు, వెనకే డబ్బు,
ఆటలూ పాటలూ అరుగు మీద కూర్చోవాలి.

గుమ్మంలో గొర్రెల కాపరి కుర్రాడు,
దుప్పట్లోంచి నీళ్లు కారుతున్నాయి, ఫోన్ తడుతున్నాడు.
"అక్కా, బంతి గాల్లోనే ఆగిపోయింది."
"ఉండనీ," అంది మామొసా
తలెత్తకుండా, నోట్లు లెక్కపెట్టి
వరసలో ఉన్న ముసలాయనకి ఇస్తూ.

వాన వెలిశాక బంతి దిగింది,
స్తంభానికి తగిలి బయటికి పోయింది.
కుర్రాడు మనల్నే తిట్టాడు.

వాకీటాకీ నొక్కాను.
"సోమవారం బండి ఖాళీయేనా?"
అవతల దగ్గు.
"సెమొన్‌కాంగ్‌కేనా," అన్నాడు మలెఫానే,
"పెద్ద రెంచీ పట్టుకొస్తాను."