మూడు గంటల రీడింగు

"ఇంక పండుకో దుర్గం సాబ్, నది ఏడికీ పోదు"
అన్నడు తాలూకా ఆఫీసు మోహర్లే,
సిరోంచ బస్టాండుల చాయ్ తాపిచ్చి.
నది ఏడికీ పోదట.
ముప్పై మూడేండ్లు అది పోతుంటే కొలిచినోన్ని నేను.

వానకాలం గంటకోసారి,
ఎండకాలం పొద్దున ఎనిమిదికి,
ప్రాణహిత ఒడ్డుకు దిగుడు,
నలుపు తెలుపు స్తంభం మీద
నీళ్లు ఏ గీతను ముట్టినయో చూసుడు,
రిజిస్టర్ల రాసి, వైర్‌లెస్ సెట్ల అరుసుడు:
"నూట మూడు దశాంశం నాలుగు సున్నా, ఓవర్."
ఓవర్ అంటే అయిపోయిందనుకునేది శశికళ.
కాదే, నా మాట అయింది, ఇంక నువ్వు చెప్పు అని.
అవతల ఒక గొంతు "రోజర్" అనేది.
ఆ గొంతుకు మొఖం ఎట్లుంటదో ఎన్నడూ చూడలే.

అంకెలన్నీ సముద్రమట్టం నుంచి.
సముద్రాన్నీ చూడలే.
పై ఆఫీసోళ్లు మరాఠీల తిడితే
తెలుగుల బాధపడేటోన్ని.
అవతలి ఒడ్డుకు రాష్ట్రం పేరు
నా సర్వీసులనే మారింది,
నీళ్లకు ఆ ముచ్చట ఎవరూ చెప్పలే.

దిగిపోయిన నాడు
సర్కారు టార్చి వాపస్ తీసుకొని
చందాలేసి కొత్త టార్చి ఇచ్చిండ్రు.
ఏం చూడాలెనో చెప్పలే.

రాత్రి రెండుంబావుకు కన్ను తెరుచుకుంటది.
మందు లేదు దీనికి, డాక్టర్ని అడిగిన.
గడప మీద నిలబడి టార్చి కొడుత,
ఎదురింటి బర్రె తల తిప్పి చూస్తది.
లోపల్నుంచి శశికళ:
"మట్టం ఎంతుంది బర్రెది?"
నవ్వుత. నవ్వినంక గూడ నిలబడే ఉంట.

మొన్న ఆత్రం రోహిణి వచ్చింది,
నా జాగల చేరిన పిల్ల,
పాత రిజిస్టర్లు కంప్యూటర్ల ఎక్కిస్తున్నరట.
చెదలు తిన్న పుట మీద వేలు పెట్టి అడిగింది:
"సార్, ఎనభై తొమ్మిది, ఆగస్టు పదకొండు,
రాత్రి మూడు గంటల అంకె పక్కన
పెన్సిల్ చుక్క ఉంది. ఏంది?"

పిల్లగానికి జరమొచ్చిందని చెబుదామనుకున్న.
అప్పటికి మాకు పిల్లలు లేరు.
వాన దంచిందని చెబుదామనుకున్న.
ముందు గంట గడిల నా చేతిరాతే ఉంది, వాన లేదని.

నిద్రపోయిన బిడ్డా. అంతే.
రెండింటి అంకె, నాలుగింటి అంకె కలిపి
సగం చేసి రాసిన.
మందికి తెలువద్దని పెన్నుతోని అంకె,
నాకు యాదుండాలెనని పెన్సిల్‌తోని చుక్క.

ఆ గంటల నది ఒక జానెడు లేచి
మళ్ల దిగిందేమో,
ఎవరిదన్న మేకపిల్లను తీసుకపోయిందేమో,
ఏం చెయ్యక ఊకె పారిందేమో.
ఇన్ని లక్షల నీళ్లు మర్చిపోయిన గని
చూడని ఆ నీళ్లే కండ్లల్ల తిరుగుతయి.

"ఖాళీ పెట్టు" అన్న.
"ఖాళీ పెడితే కంప్యూటర్ తీసుకోదు సార్."
జరసేపు ఆగి, నా దిక్కు చూడకుంట
అదే అంకె కొట్టింది.
చుక్కకు అండ్ల గడి లేదు.
పోయేటప్పుడు చెప్పుల దగ్గర ఆగి
"నేను గూడ ఒకసారి..." అన్నది, పూర్తి చెయ్యలే.
నేనూ అడగలే.

నిన్న రాత్రి టార్చి తీస్కపోలే.
గేజీ దిక్కు పోలే, చాకిరేవు దిక్కు దిగిన.
చీకట్ల కాలు కింద మెట్టు తడి తగిలింది.
ఎన్నో మెట్టో లెక్కపెట్టలేదని
తడి తగిలినంకనే తెలిసింది.
అవతలి ఒడ్డున ఎవరిదో బండి దీపం
కొంచెం దూరం పోయి ఆరిపోయింది.

నోట్లె అంకె లేదు.
అయినా అలవాటు గదా,
గొంతు సవరించుకొని
నీళ్లతోని మెల్లగ అన్న:

ఓవర్.