కిటికీ

మూడు నెలలకోసారి
పొట్ట మీది చర్మాన్ని చిటికెడు పట్టుకుని
బియ్యపుగింజంత మందు లోపల దాస్తుంది నర్సు మారిత్.
"గట్టిగా ఊపిరి పీల్చు హాల్వర్" అంటుంది,
నలభై ఏళ్లు సముద్రంలో వలలు లాగినవాడితో.

కోత మానింది. గ్రంథి పోయింది.
రక్తపరీక్షలో అంకె మాత్రం
మళ్లీ ఆవగింజంత పైకి పాకింది.
దాని మేత నా మగతనమేనట,
అందుకని ఇద్దర్నీ పస్తుంచుతున్నారు.

వార్డో రేవులో సున్నాకి పద్దెనిమిది కింద చలి.
అర్ధరాత్రి చొక్కా విప్పి మెట్ల మీద నిలబడతాను,
ఒంట్లోంచి ఆవిరి లేస్తుంటుంది.
పక్కింటి కుక్క నన్ను చూసి మొరగడం మానేసింది.

మొన్న రేడియోలో కాడ్ చేప ధర విని ఏడ్చాను.
ధర బాగానే ఉంది.

కోరిక లేదు.
లేదన్న దిగులూ లేదు, భయం దానికే.

పన్నెండేళ్ల కిందట
రాగ్న్‌హిల్ రాత్రుళ్లు లేచి కిటికీ తెరిచేది.
"మతి పోయిందా, చంపేస్తావా చలికి?" అని
నేను లేచి మూసేవాణ్ణి.
కొన్నాళ్లకి తెరవడం మానేసింది.
తడిసిన దిండు తిరగేసుకున్న చప్పుడు
అప్పుడూ విన్నాను. విననట్టు పడుకున్నాను.

నిన్న రాత్రి సెగ తన్నుకొచ్చి లేచేసరికి
కిటికీ అప్పటికే తెరిచి ఉంది.
గడప మీద సన్నగా మంచు.
ఉన్నిటోపీ చెవులదాకా లాక్కుని
అటు తిరిగి పడుకుని ఉంది తను.

"నీకు చలి కదా" అన్నాను.
"ఊఁ" అంది.

ఇద్దరిలో ఎవరమూ
లేచి మూయలేదు.