నల్ల దూది

రెండో తీత పత్తి యార్డుకొచ్చే వేళకు
ఆదోని కొండలు రాత్రంతా చలి తాగుతాయి.
తెల్లారుజామున
ఆ తాగిందంతా మా వీధిలోకి వదుల్తాయి.

మిద్దె మీద కుందేళ్ళ గూడు.
ఉరుసులో కొన్నవి, రెండు.
తెల్లది సున్నం, నల్లది బొగ్గి.
పేర్లు పెట్టింది మా మాబున్ని, మూడో తరగతి.
చెవులపిల్లి అంటే దానికి కోపం.
వాటి ముందర పిల్లి పేరెత్తకూడదంట.

ఎండాకాలం ఆ గూడు కట్టింది నేనే.
గాలాడాలని నాలుగు పక్కలా జాలీ.
అందరూ మెచ్చుకున్నారు.
ఇప్పుడు అదే గాలి
జాలి లేకుండా దూరుతోంది.

యార్డు నుంచి గోనెసంచులు తెచ్చాను.
ఉత్తరానికి రెండు మడతలు, పడమరకు ఒకటి.
తూర్పు మాత్రం విప్పే ఉంచాను,
పొద్దున ఎండ చెయ్యి చాపడానికి.
కాళ్ళ కింద నాలుగు ఇటుకలు,
గడియకు మూడు చుట్లు తీగె.
బల్బు వేలాడదీద్దామన్నాడు మా ఆయన.
వైరు కొరికితే? అన్నాను.
ఆ బల్బు అక్కడే ఆరిపోయింది.

మామ ఫకీరప్ప ఏమీ అనలేదు.
గోడకు తగిలించిన కమాను కేసి చూశాడు.
ఫోము పరుపులొచ్చినప్పటి నుంచీ
దాని నారి పలకలేదు.
"ఒక్క సేరు దూది తెప్పించమ్మే.
ఏకి పరిస్తే
మబ్బులో పడుకున్నట్టుంటాది వాటికి."

ఆ సాయంత్రం మా ఇంట్లో మళ్ళీ
టుంయ్, టుంయ్, టుంయ్.
మాబున్ని కనురెప్పల మీద దూది,
నా పప్పుగిన్నెలో దూది,
మామ మీసంలో ఏది దూదో ఏది మీసమో.

మర్నాడు పశువుల డాక్టరు తిప్పేస్వామి చెప్పాడు:
"దూది వద్దు తల్లీ. నములుతాయి.
కడుపులో ముద్ద కడితే అంతే సంగతి.
కొర్రగడ్డి వెయ్యండి, మోకాటి ఎత్తు.
తడిసింది తడిసినట్టే తీసెయ్యండి.
చలికి ఓర్చుకుంటాయి గానీ తేమకు ఓర్చుకోవు.
నల్లది చూలుతో ఉంది, మగదాన్ని వేరే పెట్టండి."

కొర్రగడ్డి దొరికింది, కౌతాళం బండి మీద.
సున్నానికి పాత ఆపిల్ పెట్టె దొరికింది.
మామకు చెప్పడానికే మాట దొరకలేదు.
చివరికి అన్నం పెడుతూ చెప్పేశాను.
ఆయన తల ఊపి, చెయ్యి కడుక్కుని
పంచె పరిచి కూర్చున్నాడు.
ఏకిన దూదిని మళ్ళీ మూట కట్టడం
ఎంత కష్టమో ఆ రాత్రి చూశాను.
అణిగిన కొద్దీ లేస్తుంది.

అయినా రెండు గంటలకు
మెట్ల మీద ఆయన కర్ర చప్పుడు.
నేను అనకూడని ఆ జంతువేదో
గోడ దూకి పోయింది.
ఆ రాత్రి నుంచీ కాపలా ఆయనదే.

ఎనిమిదో నాటి పొద్దున
బొగ్గి మూలకు ఒదిగి
తన పొట్ట మీది బొచ్చు తానే పీక్కుంటోంది.
నోటినిండా పీకి, గడ్డిలో సర్ది, మళ్ళీ పీకి.
గజ్జి పట్టిందని నా గుండె జారింది.
మామను కేకేశాను.

టార్చి పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.
చాలాసేపు చూశాడు.
భుజాలు కదుల్తున్నాయి.
ఏడుస్తున్నాడనుకున్నా, నవ్వుతున్నాడు.
"చూడమ్మే, ఒక్క ముద్ద లేదు.
పోగు పోగు విడదీస్తాండాది.
కమాను లేదు, కొట్టే గుదిబండ లేదు.
ఎవురు నేర్పినారు దీనికి?
ఇది మనోళ్ళదే. దూదేకులామె!"

నల్లరేగడిలో తెల్లపత్తి పండే ఊరు మాది.
నల్ల దూది మాత్రం
డెబ్భై ఏళ్ళ ఫకీరప్ప కూడా చూడలేదు.

సాయంత్రానికి ఆ నల్లటి పరుపు
తనంతట తానే పైకి లేచి, కిందికి దిగి,
లేచి, దిగి.
కింద ఐదు.
కళ్ళు లేవు, బొచ్చు లేదు,
ఒలిచిన చిలగడదుంపల్లా.
ముట్టబోయిన మాబున్ని చేతిని
మామ మెత్తగా పట్టుకున్నాడు.

జాలీకి ఒక పోగు చిక్కుకుని ఉంది.
దాన్ని తీసి, రెండు గోళ్ళ మధ్య సాగదీసి
యార్డులో దళారి చూసినట్టు చూశాడు.
"పొట్టి పింజ," అన్నాడు.
జేబులో పెట్టుకున్నాడు.

"ఉత్తరం గోనె ఇంకొంచెం దించు.
గాలి తిరిగింది."