ఊపిరి బయటే వదిలి

కుతైసిలో, రైల్వే స్టేషన్ వెనక సందులో
నేలలో పాతిన బానలాంటి పొయ్యి.
నడుం దాకా లోపలికి వంగి
నిప్పుల పైన, మట్టి గోడకి
పడవలా సాగదీసిన పిండిని చరచాలి.

నాకప్పుడు పదిహేడేళ్లు.
మొదటి వారం నేను చరిచినవన్నీ
జారి బూడిదలో పడ్డాయి.
ఉషంగి తిట్టలేదు.
కొక్కెంతో పైకి లాగి, మోకాలికేసి దులిపి
ఉల్లికాడ నంజుకుని తినేశాడు.
"బాగానే ఉంది" అన్నాడు.
కాదని ఇద్దరికీ తెలుసు.

ముంజేతి వెంట్రుకలు మాడిపోయాక
ఒక్క మాట చెప్పాడు:
"ఊపిరి బయటే వదిలి వంగు.
లోపల నీకోసం గాలి లేదు."

పదకొండేళ్లలో ఆయన నోటితో చెప్పిన పాఠం
అదొక్కటే.
ఉప్పునీళ్లు ఎన్ని చల్లాలో
ఆయన చేతిని చూసి నేర్చుకున్నాను.

ఇంటాయన అద్దె పెంచి తలుపు కొట్టినప్పుడు,
తమ్ముడి ఎక్స్‌రే వెలుతురుకెత్తి
డాక్టరు గొంతు సవరించుకున్నప్పుడు,
కూతురు మొదటిసారి నాతో అబద్ధమాడిన సాయంత్రం
ఊపిరి బయటే వదిలి వంగాను.
ప్రతిసారీ కుదరలేదు.
కొన్ని బూడిదలోనే పడ్డాయి.

ఇప్పుడు పొయ్యి నాది.
మార్చిలో తియోనా అనే పిల్ల పనిలో చేరింది.
జడ నెత్తిన చుట్టుకుని
పెదవి కొరుక్కుంటూ వంగుతుంది.

ఉషంగి ఆరున్నరకే వచ్చి వరసలో నిలబడతాడు.
అందరిలాగే నాణేలు లెక్కపెట్టి ఇస్తాడు.
ఎర్రగా కాలినదాన్ని కాగితంలో చుట్టబోతే
తల అడ్డంగా ఊపి
తియోనా వెనక దాచిన
వంకర రొట్టె వైపు చూపిస్తాడు.

మోకాలికేసి దులుపుకుంటూ
సందు మలుపు తిరుగుతాడు.