దూప

వైశాఖ పున్నమి. ధూళికట్ట దిబ్బ మీద
శామియానా నీడ చాలక
సగం జనం ఎండకే కూసున్నరు.
నాకిచ్చిన పని నీళ్లు.
రెండు రంజన్లు, ఒక చెంబు, పదిహేను గిలాసలు.
కూలి మున్నూరు, పొద్దుగూకంగ ఇస్తమన్నరు.

భంతే ఎక్కడిదో భాషల మాట్లాడుతున్నడు.
ఖని నుంచొచ్చిన కనకరాజం సారు
తెలుగు చేసి చెప్తున్నడు:
తృష్ణే దుఃఖానికి మూలం.
తృష్ణ పోతే దుఃఖం పోతది.

తృష్ణ అంటే ఏంది సారూ,
గిలాస అందిచ్చుకుంటనే అడిగిన.
ఆయన గటగట తాగి, మూతి తుడుసుకొని
"దూప అవ్వా, దూప" అన్నడు.

గప్పటి సంది చెయ్యి పోస్తనే ఉంది గని
మనసు రంజను కాడ నిలవలే.

మా అవ్వను వరంగల్ల ఎంజీఎంల పండవెట్టినప్పుడు
పేగుకు ఆపరేషను, చుక్క నీళ్లు పొయ్యొద్దన్నరు.
ఐదు దినాలు ఒక్కటే మాట, దూపైతాంది బిడ్డా.
దూది తడిపి పెదవులకు అద్దేదాన్ని,
పిల్లికూన లెక్క నాకేది.
గొడ్డుకన్న కుడితి పెడ్తరే, అని నన్ను తిట్టేది.
ఆరో దినం తెల్లారంగ దూది పెట్టిన.
పెదవులు కదలలే.
దూప లేదు.
నర్సమ్మ గోడ గడియారం చూసి
కాయితం మీద టైం రాసుకుంది.

భంతే, మీరు చెప్పే ఒడ్డు అదేనా?
కాదంటరు. కాదనే నేనూ అనుకుంట.
మరి ఎట్లుంటదో చెప్పుండ్రి,
బతికుండి దూప లేని నోరు.

అబద్ధం ఎందుకు, మా మరిది మొండయ్య దూప నేనెరుగుదు.
కరీంనగర్ బైపాసు పొంటి ప్లాటు మీద ప్లాటు,
దిండు కింద రిజిస్ట్రేషన్ కాయితాలు,
నాలుక కింద నిద్ర గోలీ.
గోదారి మలిపినా ఆ నెర్రె పూడదు.
ఆడ మీ మాట నూటికి నూరు.
గని ఆ దూపకు, మా అవ్వ దూపకు
ఒకటే పేరా?
మీ దిక్కు మాటలకు అంత కరువా?

దొర బాయి కాడ దోసిలి పట్టి నిలబడ్డం చిన్నప్పుడు.
పైనుంచి పోసేటోడు నవ్వుకుంట ఆపేటోడు.
మాకు దుఃఖమైంది
మా దూప వల్లనా,
ఆని చెయ్యి అంత ఎత్తుల ఉండుట్ల వల్లనా?

కనకరాజం సారు ఫోన్ల ఒక రాయి చూపిచ్చిండు,
ఈ దిబ్బలనే దొరికిందట.
బుద్ధుడు లేడు దాంట్ల. ఉత్త పాము,
చుట్టలు చుట్టుకొని, పడగలు విప్పి.
వానల ఆయన తడవకుండ కాసిందట.
తడవనియ్యొద్దని ఆ పాము కడుపుల
ఒకటి పుట్టింది గదా, దాన్నేమంటరు?
తడిసినా ఆయనకేం కాకపోవు.
పాముకే పాణం ఒప్పలే.

ఇవేవీ అడగలే. నేను నీళ్ల మనిషిని.
ఆఖరుకు భంతే నా దిక్కు చూసి
చెయ్యి కొద్దిగ లేపిండు, గంతే.
పోసిన. కండ్లు మూసుకొని తాగిండు.
గొంతుల ఉండ పైకి కిందికి ఆడుతుంటే
ఇంకో గిలాస తాగుండ్రి, అన్న.
అదీ తాగి నవ్విండు.
ఆ నవ్వును కనకరాజం సారు తెలుగు చెయ్యలే.

పొద్దుగూకింది. రంజన్లు బోర్లిచ్చి
సుల్తానాబాద్ ఆటో కోసం తొవ్వ మీద నిలబడ్డంక తెలిసింది,
దినమంత నేను తాగలే.
సంచిల సీసా ఉంది. మూత తిప్పి, ఆగిన.
ఇదేనా, అని జరసేపు దాన్నే చూసిన.
నాలుక అంగిట్లకు అంటుకుంటది.
చెవుల్ల సన్నగ చప్పుడు.
ఎక్కడిదో తడిమట్టి వాసన, లేని కాడ.
దుఃఖమైతే కాదది.
కాదని ఒట్టు కూడ పెట్టలేను.

మున్నూరు ఇచ్చుడు మరిచిన్రని గప్పుడే యాదికొచ్చింది.
వెనక్కి చూస్తే
దిబ్బ మీద లైట్లు బంద్.

తాగిన.