తొమ్మిది వందల గ్రాములు

జనవరిలో మంచు నా నడుము దాటింది.
నూట ఇరవై సెంటీమీటర్లంది కొలకర్ర.
గొట్టం దించి, తిప్పి, పైకి లాగి
అడుగున అంటిన మట్టిని వేలితో గీకేసి
త్రాసు కొక్కేనికి తగిలించింది తొక్తోబుబు.
గొట్టం బరువు పోను
తొమ్మిది వందల గ్రాములు.
ఆమె రెండు అంకెలూ పుస్తకంలో రాసుకుంది.
నేను మొదటిదొక్కటే గుర్తు పెట్టుకున్నాను.
ఇరవై రెండేళ్లవాణ్ణి.
ఎత్తుగా ఉన్నదేదైనా నమ్మేసేవాణ్ణి.

ఆ తర్వాత ఆరు వారాలు
ఒక్క రేకైనా రాలలేదు.
నారిన్ లోయలోంచి గాలి మాత్రం
పనీపాటా లేనివాడిలా
కొండెక్కుతూ దిగుతూ ఉంది.

ఫిబ్రవరి చివర ఆమెకు మోకాలు వాచింది,
నన్నొక్కణ్ణే పంపింది.
గుర్రం ముసలిది, గొట్టం మోత,
కర్ర చాల్లే అనుకున్నాను.
గుచ్చాను.
అరవై.

సగం! మా కొండని ఎవరు దోచుకుపోయారు?
రేడియోలో అరిచాను, సగమే మిగిలిందని.
కింద నీళ్లు పంచే జపర్ ఆ మాట విని
ఉల్లి విత్తనం కొట్టువాడికి తిరిగిచ్చేశాడట.
సొంత తమ్ముడి కాలువకి అడ్డంగా
గడ్డపార పెట్టుకు కూర్చున్నాడట.

మర్నాడు మోకాలికి గుడ్డ చుట్టుకుని
తనే ఎక్కి వచ్చింది తొక్తోబుబు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
నా కర్ర చేసిన చిల్లు పక్కనే గొట్టం దించింది,
కొక్కేనికి తగిలించింది,
నా వైపు తిప్పింది.
పాత బాకీలా
ముల్లు అక్కడే ఉంది,
తొమ్మిది వందల మీద.

ఆ రాత్రి ఉప్పు టీ కాగుతుండగా
తను కూర్చున్న కంబళి లాగి నా మీదికి విసిరింది.
మగ్గం ఎరగని కంబళి అది.
"ఆరు గొర్రెల ఉన్ని.
విదిలించి పరిచినప్పుడు
పిల్లలు అందులోకి దూకి కనపడకుండా పోయేవాళ్లు.
వేడినీళ్లు చల్లి, రెల్లు చాపలో చుట్టి,
తాడు కట్టి ఈడ్చి,
పొద్దుగూకేదాకా కాళ్లతో తన్నాం, అయిదుగురం.
విప్పి చూస్తే వేలి మందం.
చెప్పు, ఇందులో ఏ గొర్రె తగ్గింది?"

కంబళిని చేతులతో తూచాను.
బయట గాలి ఇంకా తన్నుతూనే ఉంది.
ఆరు వారాలుగా దాని పని అదేనన్నమాట.
పోయింది మంచు కాదు,
రేకుకీ రేకుకీ మధ్య ఉన్న ఏమీలేనిది.
చోటు సగమైంది, చిక్కదనం రెట్టింపైంది.
కరిగిస్తే
అప్పుడూ జానెడుకి కాస్త తక్కువ నీళ్లే,
ఇప్పుడూ అంతే.

సాంద్రత అనే మాట బళ్లో చదివిందే.
పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి.

జపర్ విత్తనం మళ్లీ కొన్నాడు, ఎక్కువ ధరకి.
ఆ తేడా ఎంతో
పెళ్లిళ్లలో ఎదురైతే ఇప్పటికీ
నా మొహం ముందు వేళ్లు మడిచి చూపిస్తాడు.

ఇదంతా జరిగి పంతొమ్మిదేళ్లు.
త్రాసు నాదైంది, కంబళి కూడా.
నిన్న రాత్రంతా కురిసింది,
పొద్దున చూస్తే ఛాతీ దాకా.
బడికి సెలవిచ్చేశారు.
జపర్ ఫోన్లో నవ్వుతున్నాడు,
"మీటరు మీద ముప్ఫై అట గదా!
ఈసారి పుచ్చకాయలు కూడా వేస్తున్నా."

గొట్టం దించాను.
మరమరాల బస్తాలో చెయ్యి పెట్టినట్టు
జారిపోయింది కిందికి.
అంత తేలిగ్గా దిగితేనే నాకు భయం.
ఆరు వందలు.
నాలుగడుగులు అవతలికి నడిచి మళ్లీ దించాను.
ఆరు వందల పది.
పైన పటారం.

ఫోను ఇంకా పెట్టెయ్యలేదు అతను,
వెనకాల ఎవరో చిన్నపిల్ల పాడుతోంది.
చేతితొడుగు పళ్లతో లాగి
పెన్సిలు తీశాను.
రెండు అంకెలూ రాశాను.
ముందు ఏది చెప్పాలో
ఇంకా తేలలేదు.