బ్రీషా జాన

మా దీవి బొంతకి కత్తెర పనికిరాదు.
టేపూ పనికిరాదు.
గుడ్డ అంచుని పంటితో కొరికి చింపడమే.
చిరుగు నూలు దారినే పోతుంది,
కత్తెరకి ఆ దారి తెలీదు, అనేది బ్రీషా.

అడుగు గుడ్డ జానెడు.
మధ్యలో ఎర్ర ముక్క, నడిమి వేలంత.
చుట్టూ పేలికలు బొటనవేలంత వెడల్పు,
ఒక్కోటీ కుట్టి, మడిచి, మళ్ళీ కుట్టి,
కప్పు మీద పెంకు పెంకు ఎక్కినట్టు.
రెండు పక్కల వెలుగు రంగులు,
రెండు పక్కల చీకటివి.
ఎరుపేమో పొయ్యి. అది ఇక్కడ పిల్లలకీ తెలుసు.

పదకొండు ముక్కలు కుట్టి వెళ్ళిపోయింది.
పన్నెండోదానికి గుడ్డలు ఏరి
బిస్కెట్ల డబ్బాలో పెట్టింది, చింపలేదు:
నా నీలిచారల చొక్కా వీపు,
ఐలిష్ బడి గౌను అంచు,
ఇంకోటి నల్లది, ఎవరిదో గుర్తు రాదు.

నలభై ఏళ్ళు వలలు బాగుచేసినవాణ్ణి.
పీల్ రేవులో నా ముడి విప్పినవాడు లేడు.
సూది సరే.
జానే, పడవవాడి జాన.
బొటనవేలేమో కణుపు దగ్గరే ఆగిపోయింది,
మిగతాది వించ్ మింగింది
తొంభై నాలుగులో, ఫిబ్రవరిలో.
గుడ్డేమో పెద్దది, పేలికలేమో సన్నం.
ఆమెకి ఆరు చుట్లు సరిపోయేవి,
నాకు ఎనిమిది కుట్టినా అంచు అందలేదు.

పాత ముక్క ఒకటి కొలిచి రాసుకో నాన్నా,
అంది ఐలిష్ ఫోన్లో.
కొలిచాను.
పదకొండూ పదకొండు రకాలు.

ఏ గుడ్డ ఏ ఏడాదిదో నాకు తెలుసు,
వరసగా పేర్చాను టేబుల్ మీద.
మెట్లు.
ఏడాదికి ఒక గోరంత తగ్గుతూ వచ్చింది జాన.
వేళ్ళు వంగుతున్నాయని
ఒక్క మాట అనలేదు.
రోజుకి మూడు కప్పులు, ఆ చేతి టీ తాగాను.
కప్పు రెండు చేతులతో ఎందుకు ఇస్తోందో
అడగలేదు.

తొమ్మిదో చుట్టు వేశాను,
పదోది సగం.
చివరి ముక్కల పక్కన ఇది ఎలాగూ ఇమడదు.
మొదటిదాని పక్కన పెట్టి కుట్టాను,
ఆ ఏడు తన చెయ్యి కూడా ఇంత ఉండేది, దాదాపు.
మూలలో ఉబ్బింది. వేలితో నొక్కితే
అణిగి, మళ్ళీ లేస్తుంది.
విప్పెయ్యమంటుంది ఐలిష్, వచ్చి చూశాక.

ఇప్పుడు దాని కిందే పడుకుంటున్నాను.
ఆ నల్ల గుడ్డ ఎవరిదో
ఇంకా గుర్తు రాలేదు.